రెండో సీసా

మొయినాబాద్ వైపు ఒక ప్రైవేటు దవాఖానలో ఎస్తేరుకు పిత్తనాళం ఆపరేషన్ చేసి, తీసిన మూడు రాళ్లను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఆమె భర్త దయానందం ఆ సీసాను భద్రంగా దాచాడు. చేవెళ్ల పక్క ఊళ్లో చర్చికి సంఘ పెద్ద ఆయన. కుట్లు మానగానే భార్యను అందరి ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించాడు. "దేవుడు నా రాళ్లన్నీ తీసేసిండు," అని ఆమె సీసా ఊపితే జనం చప్పట్లు కొట్టారు. 'అన్నీ' అనమని నేర్పింది కూడా ఆయనే.

ఏడాది తిరగకముందే ఎస్తేరు మళ్లీ కడుపు పట్టుకుంది.

"మల్ల రాయేనేమో. దవాఖానకు పోదాం," అంది.

"అందరి ముందర సాక్ష్యం చెప్పినవు. ఇప్పుడు మల్ల రాయి అంటే దేవుని మాట ఏం గావాలె? ఎవలన్న అడిగితే గ్యాస్ అని చెప్పు."

దేవుడి మాట అన్నాడు గానీ, ఆయన బెంగంతా తన పరువు గురించే.

వాము నీళ్లు తాగిస్తే కక్కింది. సోడా తాగిస్తే అదీ కక్కింది. మూడో రోజుకు విరేచనం ఆగిపోయి కడుపు ఉబ్బింది. పక్కింటి విమలమ్మ వచ్చి, "గిట్ల వాడిపోయినవేందే ఎస్తేరూ?" అని అడిగింది. ఎస్తేరు మొగుడి ముఖంలోకి చూసి, "గ్యాస్ అక్కా," అంది. దయానందం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఎంత మంచి భార్య దొరికిందయ్యా ఆయనకు!

ఐదో రోజు వాంతి మలం వాసన కొట్టింది. అప్పుడు పిలిచాడు ఆటోని.

అదే దవాఖానలో డాక్టర్ కడుపు కోసి చూసి బయటికి వచ్చాడు. "మొదటి ఆపరేషన్లో నాళాన్ని పేగుకు కలిపాం కదా. లోపల మిగిలిన రాయి ఒకటి పెరిగి, ఆ దారినే పేగులోకి దిగి ఇరుక్కుంది. పేగు కుళ్లిపోయింది. ఇక బతకడం కష్టం. రెండో రోజు తెచ్చినా బతికేదయ్యా."

రేగుపండంత రాయి. దాన్నీ సీసాలో వేసి ఇచ్చారు. మర్నాడు ఎస్తేరు పోయింది.

జ్ఞాపకార్థ కూడికలో ఆమె విశ్వాసం గురించి రెండు మాటలు చెప్పమన్నాడు పాస్టరు. దయానందం జేబులోంచి రెండో సీసా తీశాడు.

"రాయి అని ఎస్తేరు మొదటి దినమే చెప్పింది. నేనే గ్యాస్ అనుమన్న. ఐదు దినాలు నా మాట కాపాడింది. నేనే సంపిన."

పాస్టరు అలవాటు కొద్దీ స్తోత్రం అనబోయి ఆగిపోయాడు. ఎవరో ఒకరు లేచి తనను తిట్టకపోతారా అని దయానందం అక్కడే నిలబడ్డాడు. విమలమ్మ కూడా తల వంచుకుంది. సంఘ పెద్ద కదా, ఎవరూ తిట్టలేదు.