ఆదివారం పదమూడు గంటలు

ఆమె తన పాపకి జడ అల్లి, చెవి వెనక వినికిడి యంత్రం తగిలించి, దాని బిళ్లను జుట్టు మధ్యలోంచి తలకి ఆనించింది. ఆపరేషన్ చేసి లోపల పెట్టిన అయస్కాంతం దాన్ని టక్కున పట్టుకుంది. ఆ తర్వాత రోజూ చేసే పరీక్ష. పెదాలు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని తను ఒక్కో శబ్దం పలకాలి. వినబడితే పాప డబ్బాలో ఒక చెక్కముక్క వేయాలి. ఆ, ఊ, ఈ, మ్... నాలుగు ముక్కలూ టపటపా పడ్డాయి. ష్ దగ్గర కాస్త తటపటాయించింది. స్ దగ్గర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

రెండు నెలల క్రితం ఇదే పిల్ల "సబ్బు" అని ఎంత ముచ్చటగా అంది! ఇప్పుడు మళ్ళీ "తబ్బు". నాలుగేళ్ళు నిండిన పిల్లకి వచ్చిన మాట వెనక్కి పోవడమేమిటి?

"నువ్వు ల్యాబ్‌లో ఊరందరి రక్తం పరీక్షిస్తూ కూర్చో. పిల్లకి మాటలు వాటంతటవే వస్తాయిలే" అంటాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. "మేమేమన్నా మూగనోము పట్టామా? రోజంతా దాంతో వాగుతూనే ఉన్నాం" అంటుంది అత్తగారు. వంటా, బట్టలూ, ల్యాబూ, పాప చేత పలికించాల్సిన మాటల పట్టికా అన్నీ ఒంటి చేత్తో లాక్కొస్తూ, తప్పు తనదేనని ఆమె కూడా నమ్మేసింది. రాజీనామా ఉత్తరం భర్తే టైపు చేయించి టీవీ పక్కన పెట్టాడు. ఇవాళ పాపని క్లినిక్‌లో చూపించి రాగానే సంతకం పెట్టేద్దామనుకుంది.

క్లినిక్‌లో యంత్రాన్ని కంప్యూటర్‌కి తగిలించిన ఆడియాలజిస్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"రోజుకి ఎన్ని గంటలు పెడుతున్నారమ్మా?"

"లేచింది మొదలు పడుకునేదాకా."

"ఇందులో అలా లేదే. బిళ్ల తల మీద ఎంతసేపుందో ఇది రోజూ రాసుకుంటుంది. ఆదివారం పదమూడు గంటలు. మిగతా రోజులు నాలుగే. రెండు నెలలుగా ఇదే వరస. ఈ వయసులో వినకపోతే తర్వాత ఎంత తంటాలు పడ్డా కష్టమమ్మా."

నాలుగు. ల్యాబ్‌కి వెళ్ళే ముందు రెండు, వచ్చాక రెండు. తను గడప దాటగానే ఆ ఇంట్లో ఎవరో తన పిల్ల చెవులు తీసి పక్కన పెడుతున్నారు.

తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారిని అడిగింది.

"నా మీద పడతావేంటమ్మా? వాడే తీసెయ్యమన్నాడు. నువ్వు ఉద్యోగం మానేదాకానేగా! తర్వాత ఎలాగూ నువ్వే చూసుకుంటావన్నాడు."

ఆవిడ గొంతులో జంకు లేదు. ఆమెను ఎక్కువ భయపెట్టింది అదే. తనను ఇంట్లో కూర్చోబెట్టడానికి పిల్ల మాటనే నొక్కిపెట్టాడు ఆ మనిషి. నిన్న పాప "తబ్బు" అంటే తల నిమిరి మరీ నవ్వాడు. రేపు ఇంకేం తీసేస్తాడో!

లోపలికి వెళ్ళి ఆ గంటల కాగితం అచ్చు తీయించుకుని సంచిలో పెట్టుకుంది.

"మీరు పదండత్తయ్యా."

"మరి నువ్వో?"

పాప తల మీద బిళ్ల సరిగ్గా అంటుకుందో లేదో ఆమె తడిమి చూసింది. గేటు బయట వాళ్ళ కోసం ఆగి ఉన్న భర్త కారు హారన్ కొట్టాడు. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. పాప ఉలిక్కిపడి అటు వేలు చూపించింది.

"నాన్న!"

"వినబడిందా తల్లీ?" ఆమె పాపను చంకనేసుకుని వెనక గేటు వైపు తిరిగింది. "అవును, నాన్నే. మనం అటు వెళ్ళడం లేదు."