వంపు దగ్గర ఒరిగిన పెట్టె

ఆదివారం పొద్దున పార్కులో పెట్టె పట్టాలు తప్పి మాస్టారి మణికట్టు విరిగింది. ఆ పూట నుంచీ టర్నరమ్మ కాలుగాలిన పిల్లే అయింది.

ఆ పెట్టె ఆవిడ చేసిందే. నిజం రైలు పెట్టె కాదు. అటో కాలు, ఇటో కాలు వేసుకుని మనిషి కూర్చునే బల్లంత ఉంటుంది. దాన్ని లాగేది మోకాలెత్తు ఇంజను. ఇంజను చిన్నదే కానీ అందులో కాలేది నిజం బొగ్గు, బుసకొట్టేది నిజం ఆవిరి. పార్కు చుట్టూ అయిదంగుళాల ఎడంతో పట్టాలు పరిచింది ఆవిడ మరిది, తాపీ మేస్త్రీ. పెట్టెల కింద చక్రాల చట్రాలు చేసేది ఆవిడ. పంపుల ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఇరవై రెండేళ్ల చెయ్యి. ఒక్కో పెట్టెకి ముందో చట్రం, వెనకో చట్రం. ఒక్కో చట్రానికి రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. మాస్టారు ఆవిడ భర్త, బళ్లో లెక్కలు చెబుతారు. రైలు విషయంలో ఆయన పని ఎక్కి కూర్చోవడం ఒక్కటే.

పాత చట్రాలన్నీ బోల్టులతో బిగించినవి. నడుస్తుంటే గడగడమనేవి. ఆ చప్పుడు టర్నరమ్మకి ఒళ్లు మంట. అందుకని ఈ కొత్త పెట్టెకి బోల్టుల మాటే లేకుండా మూలమూలా వెల్డింగు చేసింది. చేత్తో ఊపితే ఇసుమంతైనా కదిలేది కాదు. దాన్ని చూసుకుని రెండు రోజులు మురిసిపోయింది.

మొదటి చుట్టులోనే, వంపు మొదలయ్యే చోట, ముందు చక్రం పట్టా మీదికెక్కి అవతలికి దిగిపోయింది. పెట్టె ఒరిగింది. మాస్టారు చెయ్యి ఆనించి పడ్డారు. ఆయన ఇంకా లేచి కూర్చోనేలేదు, టర్నరమ్మ గొంతు పార్కంతా మోగింది.

"ఏమయ్యా, కళ్లు మూసుకుని పరిచావా ఆ వంపు? నా చక్రాల్లో వెంట్రుకవాసి తేడా ఉండదు. మీ అన్న తల పగిలుంటే ఎవరిది పూచీ?"

చుట్టూ పదిహేను మంది ఉన్నారు. మరిది వంగి అన్నని లేవదీశాడు. కారెక్కించాడు, కట్టు కట్టేదాకా ఆస్పత్రిలో పక్కనే నిలబడ్డాడు, వెళ్లిపోయాడు. నాలుగు రోజులైనా మనిషి జాడ లేదు, ఫోనూ లేదు.

టర్నరమ్మకి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో తెలిసేది కాదు. ఫ్యాక్టరీలో కోసిన ముక్కనే మళ్లీ కొలిచేది. ఇంట్లో గ్లాసు కడిగి, బోర్లించి, మళ్లీ కడిగేది. పడ్డప్పుడు ముందు చట్రం వంగింది కదా, ఇంకోటి చేద్దామని గురువారం సాయంత్రం వెనక గదిలో పనికి దిగింది. ఈసారి మూలలకి అడ్డపట్టీలు కూడా వేసి వెల్డింగు చేసింది. చల్లారాక చదునైన ఇనప పలక మీద పెట్టింది. నాలుగు చక్రాలూ పలకని కరుచుకుని కూర్చున్నాయి.

"చూశారా, ఎక్కడైనా సందుందా?" అంది.

మాస్టారు కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. "లేదు. పట్టా కూడా ఈ పలకలాగే ఉంటుందా?"

"ఉండాలి."

"ఉండాలంటే కాదు. ఉంటుందా అంటున్నా. వంపులో బయటి పట్టా కాస్త ఎత్తుగా పెడతాడు కదా తమ్ముడు. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగు చక్రాలూ ఒక్క మట్టంలో ఎలా ఉంటాయి?"

"మీ లెక్కలు బళ్లో చెప్పుకోండి."

అంది కానీ, ఆయన నోరు మూయించడానికే ఒక అట్టముక్క మడిచి ఒక చక్రం కింద పెట్టింది. పక్క చక్రం కింద కాగితం దూర్చింది. కాగితం అడ్డులేకుండా ఇటు దూరి అటు వచ్చేసింది. ఆ చక్రం గాల్లో ఉంది.

వెంటనే అటక మీది పాత బోల్టుల చట్రం దించింది. దాని కిందా అట్టముక్క పెట్టింది. చట్రం గడగడమని కాస్త మెలితిరిగి నాలుగు చక్రాలనీ పలకకి ఆనించింది. కాగితం ఎక్కడా దూరలేదు.

తన చట్రం మెలితిరగదు, అందుకే వంపులో చక్రం గాల్లోకి లేచి పట్టా దాటింది.  మాస్టారు ఒక మాట దెప్పినా బాగుండేది, దెబ్బలాడ్డానికైనా వీలుండేది.

"తమ్ముడికి ఫోను చెయ్యి," అన్నారు ఆయన.

"ఫోనులో చెప్పే మాట కాదు."

చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయల్దేరింది. మరిది ఇంట్లో లేడు, పార్కులో ఉన్నాడన్నారు. వెళ్లి చూసి ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. వంపు మొత్తం, ముప్పై అడుగులు, ఊడదీసి ఉంది. పట్టాలు ఒక పక్క, అడ్డచెక్కలు ఒక పక్క. మరిది మోకాళ్ల మీద కూర్చుని కంకర చదును చేస్తున్నాడు.

"ఎందుకయ్యా పీకావు ఇదంతా?"

"నువ్వే కదా అన్నావు వదినా, తేడా ఉందని," అన్నాడు తలెత్తకుండా. "నాలుగు రోజులుగా కొలుస్తున్నా. నాకు కనపడలేదు. నువ్వు అన్నావంటే ఉండే ఉంటుంది, నా కంటికే ఆనట్లేదనుకున్నా. అన్న చెయ్యి విరగ్గొట్టానే అని తిండి కూడా..." అని ఆపేశాడు.

"తేడా నీ పట్టాల్లో లేదు. నా చట్రంలో ఉంది. బిగించకూడని చోట బిగించాను."

అతను చేతిలో ఉన్న రసమట్టం కింద పెట్టి, అప్పుడు చూశాడు ఆవిడ వైపు. మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"పదిహేను మందిలో అన్నావు ఆ మాట. ఇది మాత్రం ఎవరూ లేనప్పుడు వచ్చి చెబుతున్నావు."

"ఆదివారం అందరి ముందూ చెబుతాను."

"చెప్పు. ముందు ఆ చెక్క అటు పట్టుకో."

శుక్ర, శనివారాల సాయంత్రాలు ఇద్దరూ మోకాళ్ల మీదే పనిచేశారు. పని మాట తప్ప వేరే మాట లేదు. శనివారం ఇంటికెళ్లాక టర్నరమ్మ కొత్త చట్రం వెల్డింగు ఒక పక్క కోసేసి, అక్కడ వదులుగా తిరిగే కడ్డీ పెట్టింది. ఒక పక్క పైకి లేస్తే రెండో పక్క తన మానాన తాను ఉంటుంది. పడ్డప్పుడు వంగని వెనక చట్రానికీ అలాగే చేసింది.

ఆదివారం జనం పోగయ్యాక ఆవిడ పెట్టె పక్కన నిలబడి మొత్తం చెప్పింది. అట్టముక్క సంగతీ, కాగితం సంగతీ, తను మాట తూలిన సంగతీ. ఎవరో కిసుక్కున నవ్వారు. తల కొట్టేసినట్టయినా చివరిదాకా చెప్పింది.

మాస్టారు ఎక్కబోతే రెక్క పట్టుకుని ఆపి, తనే ఎక్కింది. ఇంజను కూత వేసింది. వంపు వచ్చేసరికి మరిది పెట్టెతో సమానంగా, నడుం వంచి, చక్రాలనే చూస్తూ పరిగెత్తాడు. చట్రం ఒక పక్క లేచింది, రెండోది లేవలేదు. చక్రాలు నాలుగూ పట్టా మీదే ఉన్నాయి.

రెండో చుట్టులోనూ అలాగే పరిగెత్తాడు. మూడో చుట్టుకి ఆయాసపడి, "ఆపించు వదినా," అన్నాడు.

ఆవిడ ఇంజను నడిపే కుర్రాడికి చెయ్యూపి ఆపించింది. "ఏమైంది? ఏ చక్రం?"

"చక్రానికేం, దివ్యంగా ఉంది. నా మోకాళ్లే బాలేవు. కాస్త ముందుకి జరుగు."

ఆవిడ జరిగింది. అతను వెనకాల ఎక్కి కూర్చున్నాడు.