మాస్టారి అభ్యంతర పత్రం

మూతపడిన బడి గేటుకు నోటీసు అంటించిన రోజు మా జిరాక్స్ కొట్టు ముందు కాలు పెట్టే చోటు లేదు. బడి స్థలంలో నాలుగు బ్లాకులు లేపి, సొంతిల్లు లేనివాళ్ళకు ఎనభై ఇళ్ళు కడతారట. కావాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఇరవై ఒక్క రోజుల్లోగా తమ మాట రాసి ఇవ్వాలట. రాయడం చేతకానివాళ్ళకు మా అక్క రాసిపెట్టేది. అక్కంటే నా తోటికోడలు. కొట్టు ఆవిడదే. నేను మిషన్ దగ్గర నిలబడేదాన్ని.

ఆ ఇళ్ళ మీద మా ఆశ ఇంతా అంతా కాదు. కొట్టు వెనక రెండు గదుల్లో ఏడుగురం ఉంటాం. అత్తగారి మంచం కింద పిల్లల పుస్తకాలు, ఆ పుస్తకాల పక్కన జిరాక్స్ కాగితాల కట్టలు. అక్క తన కాగితం మొదటి రోజే ఇచ్చేసింది. "కట్టండి. తొందరగా కట్టండి" అని రాసింది.

పదో రోజు డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆ బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, పెన్ను నిలవదు.

"రాయమ్మా. ఈ ఇళ్ళు కట్టకూడదు. అంతే."

"ఎందుకు కట్టకూడదు మాస్టారూ?"

"ఎందుకేంటి! నేను వద్దంటున్నాను కాబట్టి!"

నాకు నవ్వొచ్చింది. అలాగే రాసిస్తే సరిపోయేది. ఎవరూ పట్టించుకోరు, మాకూ అడ్డు తప్పుతుంది. అక్క మాత్రం పెన్ను పక్కన పెట్టింది.

"అలా రాస్తే ఎవరూ చదవరండీ. కూర్చోండి. అసలు మీ భయమేంటి?"

ఆయన మెల్లగా చెప్పారు. మైదానం తూర్పు మూల పల్లం. గట్టి వాన పడితే రెండు వీధుల నీళ్ళూ అక్కడికే చేరి, రెండ్రోజుల్లో ఇంకిపోతాయి. నాలుగో బ్లాకు సరిగ్గా అక్కడే కడతారట. చుట్టూ సిమెంటు పరిచేస్తే ఆ నీళ్ళు గోడ దాటి కింది వీధి ఇళ్ళలో దూరతాయి. పరుగుపందేలకు సున్నం గీతలు వేసీ వేసీ ఆ నేల వాలు ఆయనకు కంఠతా వచ్చు.

"ఎంత లోతు నిలుస్తాయి?"

"మోకాలి దాకా."

"ఎవరి మోకాలు? మీదా, ఆరో తరగతి పిల్లలదా?"

మాస్టారు మొదటిసారి నవ్వారు.

అక్క టేపు పట్టుకుని ఆయన వెంట వెళ్ళింది. గోడ మీద నీటి మరక కొలిచింది, ఫోటో తీసింది. తిరిగొచ్చి మూడు పేజీలు రాసి, ఆయనకు చదివి వినిపించి, సంతకం పెట్టించింది.

ఆయన అటు వెళ్ళగానే నేను ఉండబట్టలేకపోయాను.

"నీకేమైనా పిచ్చా అక్కా? మన ఇంటికి మనమే ఎసరు పెట్టుకుంటామా?"

"ఆయన రాయలేక నా దగ్గరికొచ్చారు. సగం సగం రాసిస్తే ఆయనకు తెలీదు. నాకు తెలుస్తుంది కదే."

విచారణ సభ ఆ బడి హాల్లోనే జరిగింది. తన వంతు వచ్చేసరికి మాస్టారు కోపంతో ఊగిపోయారు, మాట తడబడింది. అధికారిణి గడియారం చూసుకుని "కాగితం ఇచ్చారుగా, చూస్తాం లెండి" అన్నారు.

అక్క లేచి నిలబడింది. "నేను చదువుతానండీ."

మూడు పేజీలూ చదివింది. ఒక్క కొలత మింగలేదు, ఒక్క మాట తగ్గించలేదు.

"అయితే మీరూ వద్దంటారా?" అని అడిగారు అధికారిణి.

"లేదండీ. కావాలని రాసిచ్చాను. మాకు ఇల్లు చాలా అవసరం. కానీ ఈయన చెప్పింది నిజం. ఒకసారి వచ్చి ఆ గోడ చూడండి."

ఆవిడ నా తోటికోడలని అందరికీ చెప్పుకోవాలనిపించింది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళకు చెప్పాను కూడా.

ఇంజినీర్లు వచ్చారు, కొలిచారు. నాలుగో బ్లాకు తీసేసి, పల్లాన్ని మైదానంగానే వదిలేశారు. ఎనభై ఇళ్ళు అరవై అయ్యాయి. ఇళ్ళ కోసం పేర్లిచ్చినవాళ్ళ జాబితాలో మా పేరు అరవై ఎనిమిదోది.

మాస్టారు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చారు. "నా వల్లే కదమ్మా."

"మీ వల్ల కాదు మాస్టారూ, వాన వల్ల" అని అక్క నవ్వి పంపించింది.

ఆ తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి ఎవర్నీ అటు రానివ్వలేదు. బయటికొచ్చి ముఖం తుడుచుకుని, తర్వాత కట్టే ఇళ్ళకైనా మా పేరు ఉంచమని అర్జీ రాసి నా చేతిలో పెట్టింది.

"తప్పులుంటే చూడు" అంది.

రెండుసార్లు చదివాను. ఒక్క తప్పూ లేదు.