మా గుంట నీళ్ళు

మా అక్క తుకిరా ఇంటి వెనక గుహ ఉంది. అందులోంచి ఏడాది పొడుగునా నీళ్ళు వస్తాయి. కొండమీదున్న మా పేటకు వానకు నిండే గుంట ఒక్కటే దిక్కు. అది ఎండిపోగానే నేను బిందె పట్టుకుని కొండ దిగి అక్క గుమ్మం ముందు నిలబడాలి.

"రావే పైనెం, పట్టుకో తల్లీ. నీళ్ళకేం, మాకు పొర్లి పారుతున్నాయి!" అంటుంది నవ్వుతూ.

ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఒకే కడుపున పుట్టాం కదా, దానికి గుహా, నాకు బురదా?

ఇక దాని గడప తొక్కకూడదనుకున్నాను. గుంట అడుగున నల్లబురద తీసేస్తే లోతు పెరిగి, మళ్ళీ వానల దాకా నీళ్ళుంటాయని పేటనంతా ఊదరగొట్టాను.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్లేదే," అన్నాడు మా ఆయన వాగియో.

"నోరు మూసుకుని పార పట్టు," అన్నాను.

తెల్లరాయి తగిలేదాకా గోకాం. వానలు పడ్డాయి. గుంట ఎన్నడూ లేనంత లోతుగా నిండింది. మా ఆచారం ప్రకారం గులాబీ రేకులు, సంపెంగలు నీళ్ళలో చల్లి మొక్కుకున్నాం. కర్రపెండలం పిండితో తివుల్ వండాను, భోజనానికి రమ్మని అక్కకు కబురు పెట్టాను. వచ్చి చూసి కుళ్ళుకోవాలని నా ఆశ.

అది రాకముందే నీళ్ళమధ్య సుడి లేచింది. పూలు గిర్రున తిరుగుతూ గుడగుడా లోపలికి పోయాయి. తెల్లారేసరికి గుంటలో మిగిలింది రాళ్ళూ కప్పలూ.

మా గునుంగ్‌కిదుల్ కొండలన్నీ సున్నపురాయి. వాననీరు దాన్ని కరిగించుకుంటూ పోతుంది, లోపలంతా బొరియలే. తాతల నాటినుంచి పేరుకుని, నీళ్ళు తాగే ఆవుల గిట్టల కింద గట్టిపడిన ఆ బురదే ఆ బొరియలకు మూత. దాన్ని తవ్వి పొలాల్లో పోసుకున్నాం. ముందే ఎవరైనా చెప్పి చావొచ్చుగా!

అక్క అప్పుడొచ్చింది, చంకలో బుట్టతో. బుట్టనిండా తడి గులాబీ రేకులు, సంపెంగలు.

"మా గుహలోంచి కొట్టుకొచ్చాయే. మీవేనా?" అంది. ఈసారి నవ్వలేదు. "బిందె తెచ్చుకో. కాస్త మురికిగా ఉన్నాయి, తేరాక పట్టుకుందువుగాని."

నవ్వినా బాగుండేది, నాలుగు తిట్టేదాన్ని. బిందె తీసుకుని దాని వెనకే దిగాను. గుహ దగ్గర నీళ్ళు పొంగి పొర్లుతున్నాయి. అంత ధార నేనెప్పుడూ చూడలేదు.

"ఇవి మా నీళ్ళు," అన్నాను.

"మీవేనే. పట్టుకో తల్లీ," అంది అక్క.