పైపులో దూరిన రైక

వాషింగ్ మెషిన్ నిండా నీళ్లు నిలిచిపోయాయి. తలుపు బిగుసుకుపోయింది. కారణం ఏమిటో ఆ ఇంట్లో రత్నవ్వ ఒక్కతికే తెలుసు. అందుకే ఆమె పొద్దుటి నుంచి ఎవరి మొహమూ చూడటం లేదు.

నాలుగు రోజుల కింద ఇంటి వెనక గిన్నెలు తోముతుంటే, గోడలోంచి మురుగునీటి మోరీలోకి దిగిన మెషిన్ పైపులోంచి ఒక ఎలుక మూతి బయటపెట్టి ఆమెను ఎగాదిగా చూసి, దూకి పోయింది. రత్నవ్వ ఎలుకకు భయపడే మనిషి కాదు. కానీ అది మళ్లీ పైపు పట్టుకుని ఎక్కి బట్టల్లో పిల్లల్ని పెడితేనో? తన పాత రైక ఒకటి ఉండచుట్టి పైపు నోట్లో కుక్కింది. చీపురుకట్టతో ఇంకాస్త లోపలికి దిగ్గొట్టింది. ముప్పై ఏళ్లుగా పసుపు కొమ్ములు ఏరిన చేతులవి, ఏ పని చేసినా గట్టిగా చేస్తాయి.

చెప్పేస్తే పోయేది. కానీ ఆ మెషిన్ ఆటోలోంచి దిగిన రోజే ఆమె వాడకట్టంతా వినేలా, "గీ డబ్బా ఏడాది గూడ ఉండది, రాసిపెట్టుకోండ్రి" అని శాపం పెట్టినంత పని చేసింది. ఏడాది నిండటానికి ఇంకా నెల ఉంది. ఇప్పుడు నోరు విప్పితే కావాలనే చేసిందంటారు.

కోడలు వినోద ప్రైవేటు దవాఖానలో నర్సు. రెండు గంటలకు డ్యూటీ. ఉన్న రెండు తెల్ల డ్రెస్సులూ ఆ నురగలోనే మునిగి ఉన్నాయి.

"కంపెనోళ్లు గురువారం వస్తరట," అంది ఫోను పెట్టేసి. "గప్పటిదాంక పువ్వుల నైటీ మీద సూదులేస్తనా?"

"కంపెనోడెందుకు, నేను లేనా?" అన్నాడు కొడుకు భూమేష్. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి పదిహేను రోజులైంది. అక్కడ ఏసీలు బాగుచేసే కంపెనీలో పని అంటాడు. అబద్ధం కాదు. బాగుచేసేవాళ్ల నిచ్చెన మోసేది అతనే.

భూమేష్ కింద కూలబడి, మెషిన్ అడుగున ఉన్న చిన్న మూత తెరిచి, ఫిల్టర్ మీద చెయ్యి వేశాడు.

"కింద బకెట్ పెట్టు," అంది వినోద.

"చుక్క గూడ రాదు."

పోచంపాడు డ్యాం గేటు ఎత్తినట్టయింది. నీళ్లు మంచం కిందికి పోయాయి, బియ్యం బస్తా కిందికి పోయాయి, భూమేష్ చెప్పులు తేలుకుంటూ గడప దాకా పోయి ఆగాయి. రత్నవ్వ ఎవరూ చెప్పకముందే గుడ్డ తెచ్చి తుడవసాగింది. ఇంత బుద్ధిగా అత్త ఎందుకు పని చేస్తోందో వినోదకు అంతుబట్టలేదు.

ఫిల్టర్‌లోంచి రెండు హెయిర్‌పిన్నులు, ఒక జ్వరం గోలీల రేకు, ఒక చిన్న సీసా మూత బయటపడ్డాయి. వినోద మూతను రెండు వేళ్లతో పైకెత్తింది.

"గిదేంది?"

"తలనొప్పి బాముది గావచ్చు."

"దీని మీద బ్రాందీ కంపెనీ పులి బొమ్మ ఉంది. పులికి గూడ తలనొప్పి లేస్తదా? మందు బంజేసిన అని మొన్ననే గదా చర్చిల అందరి ముంగట నిలబడి చెప్పినవ్!"

తర్వాత పావుగంట భూమేష్‌కు దుబాయ్ ఎండే నయమనిపించి ఉంటుంది. కొడుకు అన్ని తిట్లు తింటుంటే తల్లి పేగు కదలాలి. రత్నవ్వకు మాత్రం చల్లటి మజ్జిగ తాగినట్టుంది. నేరమంతా ఆ మూత నెత్తిన పడింది, ఇక తన జోలికి ఎవరొస్తారు?

తలుపు మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది. ఫిల్టర్ బిగించి మళ్లీ బటన్ నొక్కారు. మెషిన్ కడుపునిండా నీళ్లు తాగింది, కాసేపు బట్టల్ని దొర్లించింది, ముసలి గేదెలా మూలిగి ఆగిపోయింది. నీళ్లు ఎక్కడివక్కడే.

భూమేష్ పోయి స్వామిని తీసుకొచ్చాడు. స్వామికి పెర్కిట్‌లో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. డాక్టరులా మెషిన్‌కు చెవి ఆనించి విన్నాడు.

"పంపు తిరుగుతుంది, నీళ్లు పోతలేవు. అంటే రెక్కలు అరిగినయ్. మొత్తం ఇప్పాలె," అంటూ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

రత్నవ్వ తుడిచే గుడ్డ వదిలేసి ముందుకొచ్చింది. నిక్షేపంలాంటి మెషిన్‌ను ఇప్పుడు కోసి పారేస్తారు.

"స్వామీ, జర పైపు గూడ చూడరాదు బిడ్డా," అంది నీళ్లు నములుతూ.

"నీకు తెల్వదు తియ్యవ్వా," అన్నాడు భూమేష్. "నువ్వు పోయి చాయ్ పెట్టు."

రత్నవ్వ చాయ్ పెట్టలేదు. ఒక తీగముక్క దొరకబుచ్చుకుని ఇంటి వెనక్కి పోయింది. మోరీ పక్కన చతికిలబడి, తీగ కొస వంచి, పైపులోకి దూర్చి గెలికింది. నాలుగోసారికి తీగ రైక హుక్కుకు తగులుకుంది. బలమంతా పెట్టి గుంజింది.

సరిగ్గా అప్పుడే లోపల స్వామి, ఇప్పే ముందు ఆఖరుసారి చూద్దామని బటన్ నొక్కాడు.

రైక ఎగిరొచ్చి రత్నవ్వ నుదుటికి కొట్టుకుంది. వెనకే ఒక డ్రమ్మెడు సబ్బునీళ్లు మొహానికి తగిలాయి. "ఏసయ్యా!" అని ఆమె వెల్లకిలా పడింది.

"పోతున్నయ్! నేను చెయ్యి పెట్టంగనే!" స్వామి కేక లోపలి నుంచి వినబడింది.

"నేను ఫిల్టర్ సాఫ్ చేసిన గదరా, గందుకే!" భూమేష్ కేక దాని వెనకే వచ్చింది.

మోరీలో నీళ్లు చూద్దామని వచ్చిన వినోద గడప దగ్గరే ఆగిపోయింది. అత్త కనుబొమ్మల మీద నురగ, చేతిలో పసుపు మరకల రైక.

"ఎలుక వస్తుందని పెట్టిన," అంది రత్నవ్వ లేచి కూర్చుంటూ.

"ఎన్నిరోజులాయె?"

"నాలుగు."

"అంటే పొద్దటి సంది అన్నీ చూస్తనే ఉన్నవా అత్తమ్మా?"

"చూస్తనే ఉన్న."

వినోదకు కోపం తెచ్చుకోవాలనే ఉంది. కానీ నవ్వు ముందొచ్చింది. బట్టలుతికే బండ మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "లోపట చెప్తవా, నేను చెప్పాల్నా?"

"ఇద్దరం చెప్పకుంటే ఏం పోతది?" అంది రత్నవ్వ ఆశగా.

ఇంతలో భూమేష్ గొంతు వినబడింది. "దుబాయ్‌ల ఇసుంటియి దినాం చూస్తం స్వామీ. మనది చెయ్యి పడితే చాలు."

అంతే. తప్పు చేసిన భయం ఎటు పోయిందో పోయింది. పైపు చూడమన్నది తాను, తెల్వదు పొమ్మన్నది వీడు, ఇప్పుడు పేరు వీడికా? నీళ్లోడుతున్న చీరతో రత్నవ్వ చరచరా లోపలికి నడిచి, రైకను కొడుకు ముందు తప్పుమని పడేసింది.

"నేనే పెట్టిన, నేనే తీసిన! పైపు చూడుండ్రి అంటే ఇన్నరా? మీ ఇద్దరి తెలివి కలిపినా నా పాత రైకంత లేదు!"

స్వామి స్క్రూడ్రైవర్‌ను నెమ్మదిగా సంచిలో వేసుకున్నాడు. భూమేష్ నోరు తెరిచాడు గాని, వినోద చేతిలో పులి మూత ఇంకా ఉండటం చూసి మూసుకున్నాడు.

మార్చి ఎండకు డ్రెస్సు గంటలో ఆరింది. కాలరు కాస్త తడిగా ఉన్నా వినోద అదే వేసుకుని ఆటో ఎక్కింది. సాయంత్రం భూమేష్ ఇనుప జాలీ కొనుక్కొచ్చి పైపు చివర కట్టడానికి మోరీ పక్కన గొంతుకూర్చున్నాడు. రత్నవ్వ చాయ్ గ్లాసుతో నెత్తి మీదే నిలబడింది.

"గట్టిగ కట్టు కొడుకా. నీకు తెల్వకుంటే నన్నడుగు."