బుట్టకమ్మల జత

"ఆమె వచ్చి చూసి, ఏందీ గిది, పిల్లలాట లెక్క ఉన్నదని మొఖం మీదనే అంటే ఏం జేస్తవే?"

పొద్దున పొయ్యి కూడా ముట్టించకముందే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది. మా సృజన అప్పటికే కిటికీ కింద, వాళ్ల నాయన పీట మీద కూర్చుని ఉంది. తలెత్తలేదు. చేతిలో వెండి బుట్టకమ్మ. దాని అంచు చుట్టూ ఆవగింజలంత పూసలు, ఒక్కొక్కటీ చిమ్టాతో పట్టుకుని పెడుతోంది.

"అంటే అననీ."

"అననీ అంటవ్. అన్నంక మొఖం గోడకు తిప్పుకొని పంటవ్. చూసేది నేను గదా."

"అమ్మా, గాలి గట్టిగ తగిల్తే పూస జారిపోతది. జెర సేపు ఊకో."

ఊరుకున్నాను. నోరు ఊరుకున్నా లోపల ఊరుకోదు. అతుకులు పెట్టే టార్చ్ మంట దాని చున్నీకి అంటుకుంటుందేమో, గ్యాస్ పైపు ఎలుక కొరికిందేమో, వచ్చే ఆమె మా బోయిగూడ ఇరుకు సందు చూసి మలుపు దగ్గర నుంచే వెనక్కి పోతుందేమో. అట్లా పోతేనే నయమేమో అని కూడా అనిపించింది.

వచ్చేది ఊర్మిళగారు. జనరల్ బజార్‌లో నగల దుకాణం ఆమెది. మామ పోయాక తనే నడుపుకుంటోంది. మిషన్ మీద పోత పోసిన సరుకు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. చేత్తో చేసిన పాత రకం బుట్టకమ్మలు కావాలని అడిగే ఆడవాళ్లు మళ్లీ పెరిగారట. అందుకని చేతిపని వచ్చిన మనిషి కోసం వెతుకుతూ, ఎవరో చెప్తే సృజనకు ఫోన్ చేసింది. వెండితో ఒక జత చేసి చూపించమంది. నచ్చితే దుకాణంలోనే కూర్చుని పని చేసుకోవడానికి పీట ఇస్తానంది. మా అవుసులోళ్లకు, అంటే కంసాలులకు, దుకాణంలో పీట దొరికిందంటే బతుకు ఒక దారిన పడ్డట్టే. కానీ మాలో ఆడవాళ్లు పూసలు గుచ్చారు, మెరుగు పెట్టారు, కుంపటి ఊదారు. పీట మీద కూర్చున్న ఆడపిల్లను నేనైతే చూడలేదు.

సృజనకు వేరే కోరిక లేదు. డిగ్రీ అయ్యాక కాల్ సెంటర్‌లో చేరమంటే చేరింది, కొన్నాళ్లకే మానేసి వచ్చి వాళ్ల నాయన పెట్టె తెరిచింది.

ఆయన పేరు బ్రహ్మచారి. ఆయన పని ఎట్లా ఉండేదో నేను చెప్పను. ఒకాయన చెప్పాడు, అది చాలు. బొల్లారంలో మావాళ్ల పెళ్లిలో, నిండు పందిట్లో, ఈయన కుడిచెయ్యి పట్టుకుని పైకి లేపి, ఇసొంటి చెయ్యి సికింద్రాబాద్‌ల ఇంకోటి లేదని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరక్కముందే అదే చెయ్యి పడిపోయింది. మూతి కూడా పక్కకు పోయింది. ఆ తర్వాతే, ఇంకా బళ్లో చదువుతున్న సృజనను పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో చూపిస్తూ, సగం సగం మాటలతో పని నేర్పాడు. నేర్పి పోయాడు.

అప్పటి నుంచి మా గడపలో ఎవరైనా సృజనను పొగిడితే నాకు భయం. పొగిడిన నోరు మూతపడకముందే ఏదో ఒక వంక చెప్పేస్తాను. చదువు బాగా చదువుతుందంటే, ఏం చదువు, అన్నీ అత్తెసరు మార్కులే అంటాను. దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయి కానీ, తగలకముందే ఆపడానికి నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే.

సృజనకొక తెగులు ఉంది. కమ్మ ఒక్కటి చేస్తే చక్కగా చేస్తుంది. రెండోది చేయడం మొదలుపెట్టగానే మొదటిదాంట్లో తప్పు కనపడుతుంది. మొదటిది కరిగించి మళ్లీ చేస్తుంది. అప్పుడు రెండోది దానికి సరిపోలేదంటుంది. వెండి ఎన్నిసార్లు కరిగించినా వెండే కాబట్టి దానికి అడ్డు లేదు. ఇంతవరకు దాని చేతిలో ఒక్క జత పూర్తికాలేదు. ఇవాళ పూర్తయింది. రెండు కమ్మలూ ఎర్రబట్ట మీద పక్కపక్కన పెట్టింది.

అప్పుడే పక్క పోర్షన్ అప్పలలక్ష్మి పెరుగు తోడుకోసం గిన్నె పట్టుకుని వచ్చింది. వాళ్లది శ్రీకాకుళం వైపు, ఆమె భర్తకు ఇక్కడ ఏదో ఆఫీసులో ఉద్యోగం.

"ఒలమ్మో! ఇవి నువ్వే చేసావేటి? గుడిలో అమ్మారికి పెట్టుకోవచ్చే తల్లీ!"

నేను ఎర్రబట్ట కొస కమ్మల మీదికి లాగాను. "ఏం చేసుడో. ఒకటి పెద్దగొచ్చె, ఒకటి చిన్నగొచ్చె. వంకరటింకర."

"వంకరేటి దేవమ్మా, కళ్లజోడు మార్పించుకో ముందు. పిల్ల అంత కష్టపడి చేస్తే అలాగనేస్తావేటి?"

"నీకు తెల్వదులే అక్కా."

అప్పలలక్ష్మి తోడు పోయించుకుని, పిల్ల వైపు జాలిగా చూసి వెళ్లింది. సృజన భూతద్దం తీసి రెండు కమ్మల్నీ మార్చి మార్చి చూడటం మొదలుపెట్టింది.

ఊర్మిళగారు చెప్పిన వేళకే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కిటికీ దగ్గరికి పోయి, కమ్మల్ని అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు తిప్పింది. ఆమె ముఖంలో నాకు ఏమీ కనపడలేదు. ఏమీ కనపడకపోతే నాకు అన్నీ కనపడతాయి.

"ఎన్ని దినాల సంది చేస్తున్నవ్ బిడ్డా?"

సృజన నోరు తెరిచేలోపు నా నోరు తెరుచుకుంది. "వాళ్ల నాయన దగ్గర జెర చూసి నేర్చుకుంది మేడం, గంతే. ఏమంత రాదు దానికి."

ఊర్మిళగారు నన్ను ఒకసారి, పిల్లను ఒకసారి చూసింది. "రాదా? చూస్తే మస్తు మంచిగొచ్చినట్టుంది గదా."

"లేదు మేడం," అంది సృజన. "అమ్మ చెప్పింది కరెక్టే. రెండోదాంట్ల తేడా ఉంది. ఇగో ఇక్కడ, మూడో వరుసల పూస లోపలికి పోయింది. బుట్ట గోపురం సుతా జెర ఒత్తుకపోయింది."

"నాకు కనబడ్తలేదు."

"భూతద్దంల చూడుర్రి." అది లేచి, భూతద్దం ఆమె చేతికిచ్చి, వేలితో చూపించి మరీ తప్పు పట్టించింది. తప్పు కనబడేదాకా వదిలిపెట్టలేదు.

ఊర్మిళగారు కమ్మల్ని బట్ట మీద పెట్టేసింది. "నేను కొందామని వస్తే నువ్వు వాపస్ పంపెతందుకు తయారున్నవ్. సరుకు చేసేటోళ్లు గిట్ల మాట్లాడితే నేను గిరాకీకి ఏమని చెప్పి అమ్మాలె? తిరుమల్ అని ఒకాయన సుతా పీట అడుగుతున్నడు. ఆయన పని నీ అంత సాఫ్ లేదు, గాని నోరు సాఫ్ ఉన్నది. నీకు నిజంగ కావాలంటే శనివారం దుకాణానికి రా. నువ్వే బాగున్నయనుకున్న జత తీసుకొని రా."

చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. కమ్మలు తీసుకోలేదు.

ఆమె చెప్పుల చప్పుడు సందు దాటకముందే సృజన టార్చ్ వెలిగించింది. రెండు కమ్మల్నీ వెండి కరిగించే మూసలో వేసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆగవే అందామనుకున్నాను. "చెయ్యి జాగ్రత్త" అన్నాను. ముందు పూసలు మెత్తబడ్డాయి, తర్వాత గోపురం కూలింది. కాసేపటికి మూస అడుగున ఒక తెల్లటి బొట్టు అటూ ఇటూ ఆడింది. సృజన ఇన్ని రోజుల కష్టం.

"అయిపాయె," అంది. మంట ఆర్పింది. "అమ్మా, ఒకటి అడుగుత. నా పని మంచిగున్నదని ఎన్నడన్న అన్నవా నువ్వు?"

"దిష్టి తగుల్తదనే గదనే. లోపల నాకు లేదా?"

"లోపలిది నాకెట్ల తెలవాలె?"

"మీ నాయన చెయ్యి ఎట్ల పోయిందో చూసినవ్ గదా. నిండు పందిట్ల పొగిడి..."

"బీపీ గోలీలు మానేస్తే పోయింది! డాక్టర్ నీ ముంగటనే చెప్పిండు." చిమ్టాను పీట మీద విసిరికొట్టింది. "చిన్నప్పటి సంది ఎవరొచ్చినా దీనికి రాదు, దీనికి తెల్వదు. నువ్వు దిష్టికి చెప్పినవ్ అమ్మా. విన్నది నేను. ఇయ్యాల ఆమె మంచిగున్నదంటే నాకు ఆమె అబద్ధం ఆడుతున్నట్టు అనిపించింది."

ఆ రాత్రి అన్నం ఇద్దరమూ తినలేదు. డాక్టర్ చెప్పిన మాట నాకు గుర్తుంది. అయినా ఉప్పు, మిరపకాయలు తీసుకుని, నిద్రపోతున్న పిల్ల చుట్టూ తిప్పి పారేశాను. నేను ఇంతే.

శుక్రవారం పొద్దున లేచి చూస్తే సృజన తీగ లాగుతోంది. మధ్యాహ్నానికి ఒక కమ్మ తయారైంది. దాన్ని చిన్న గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.

"కొంగుకు కట్టుకో. నేను అడిగినా, ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా ఇయ్యకు."

"మరి చూడకుండ రెండోది ఎట్ల చేస్తవ్?"

"కొలతలు నా చేతికి తెల్సు. చూస్తే తప్పే కనబడ్తది. నువ్వు సుతా దాని గురించి ఒక్క మాట అనకు. మంచిది వద్దు, చెడ్డది వద్దు."

కొంగున ముడి వేసుకున్నాను. గంట గడవలేదు, షురూ అయింది.

"అమ్మా, ఒక్కసారి ఇయ్యి. చూసి ఇస్త."

"ఇయ్య."

"చెవికి పెట్టే వంకీ సరిగ అతకలేదనిపిస్తుంది. ఊడిపోతే ఆమె ముంగట ఇజ్జత్ పోతది."

ఊడిపోతుందేమో అని నాకూ అనిపించింది. అట్లాంటి మాట వింటే నాకు ప్రాణం నిలవదు. ముడి మీదికి చెయ్యి పోయింది. అది చూసి సృజన లేచి వచ్చి కొంగు పట్టుకుంది. నేను కొంగు లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా అప్పలలక్ష్మి ఇంట్లోకి పోయి గడియ పెట్టుకున్నాను.

"కూతురికి దడిసి పరిగెట్టుకొచ్చిన తల్లిని ఇదే చూడ్డం," అంది అప్పలలక్ష్మి. "కొంగులో ఏటి, బాంబేటి?"

విప్పి చూపించాను. ఆమె నోరు తెరవబోతే చేత్తో మూశాను. ఆమె నా చెయ్యి తీసేసి, "పోనీ నువ్వు చెప్పు, ఎలాగుందో," అంది.

"ఉంది," అన్నాను. అంతకన్నా నోరు పెగల్లేదు. తలుపు అవతల సృజన కాసేపు కొట్టింది, తిట్టింది, తర్వాత ఇంటికి పోయింది. దీపాలు పెట్టే వేళకు నేను భయపడుతూ ఇంటికి వస్తే పీట మీద రెండో కమ్మ ఉంది. సృజన గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. రెండోదాన్నీ అదే గుడ్డలో చుట్టి ముడి వేసుకున్నాను. జతను పక్కపక్కన పెట్టి ఇద్దరమూ చూడలేదు.

శనివారం ఆటోలో జనరల్ బజార్‌కు పోయాం. దారంతా కొంగు పిడికిట్లో పట్టుకునే ఉన్నాను. దుకాణం నిండా జనం. ఊర్మిళగారు కౌంటర్ వెనక ఉంది. కిటికీ పక్కన, మంచి వెలుతురులో కొత్త పీట. దాని మీద నడివయసు మనిషి కూర్చుని తీగ సాగదీస్తున్నాడు. తిరుమల్ అని చెప్పకుండానే తెలిసింది.

ముడి విప్పి జత కౌంటర్ మీద పెట్టాను. ఆమె చూసింది, తిప్పింది, భూతద్దం కూడా పెట్టింది. తిరుమల్ అక్కడి నుంచే మెడ సాచి చూశాడు.

"పని చేసేటప్పుడు సుతా అమ్మ పక్కన కూసుంటదా?" అని నవ్వాడు. కొనడానికి వచ్చిన ఇద్దరు కూడా నవ్వారు.

ఊర్మిళగారు నవ్వలేదు. "చూడు బిడ్డా, సాఫ్ చెప్తున్న. కిటికీ పీట ఈయనకు ఇచ్చేసిన. మొన్ననే నువ్వు నోరు మూసుకుంటే అది నీదే. ఇప్పుడు మెట్ల కింద జాగా ఉన్నది, లైటు పెట్టిస్త. దసరా దాక చూస్త. పండుగ ముంగట ఒకదాని మీద ఒకటి ఆర్డర్ పడ్తది. తప్పుందని కరగబెట్టుకుంట కూసునే టైం ఉండదు. నీతోని అయితదా?"

మెట్ల కిందికి చూశాను. నిలబడితే తల తగిలే చోటు, చీపుర్లు పెట్టుకునే మూల. కిటికీ వెలుతురు అక్కడిదాకా రాదు. దాని కళ్లు పోతాయి, నడుము పోతుంది, దసరా తర్వాత వద్దంటే అందరి ముందూ పరువు పోతుంది.

సృజన తలుపు వైపు చూడలేదు, ఊర్మిళగారి వైపూ చూడలేదు. నా వైపు తిరిగింది. బళ్లో చేర్చిన నాటి నుంచి ఎవరేమడిగినా ముందు నా ముఖం చూడటమే దానికి అలవాటు.

దుకాణంలో అందరూ మా ఇద్దరినే చూస్తున్నారు. ఎన్ని కళ్లో. ఏమంత రాదు మేడం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. దాన్ని మింగాను. దాని చోట ఇంకొక మాట రావాలి. అది రాలేదు. బొల్లారం పందిట్లోని చప్పట్లు వినపడుతున్నాయి, పైకి లేచిన ఆయన చెయ్యి కనపడుతోంది. సృజన నా ముఖంలో వెతుకుతూనే ఉంది. తిరుమల్ తీగ లాగడం ఆపాడు. ఊర్మిళగారు గడియారం చూసుకుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

సృజన నా ముఖం మీది నుంచి చూపు తీసేసింది. మళ్లీ అటు తిప్పలేదు.

"అయితది మేడం," అంది. "మా అమ్మను అడగకుర్రి. నాతోని అయితది."