బాల్‌రాజ్ ఇంట్లో లేవని కంప్యూటర్

ఉదయం పదకొండుకి బాల్‌రాజ్ ఫోన్ చేసి, "అన్నా, నువ్విచ్చిన కంప్యూటర్ లేస్తలేదు" అన్నప్పుడు పట్టాభి మొదట అడిగింది మిషన్ సంగతి కాదు. "పక్కన ఎవరున్నారు?" అని అడిగాడు.

"పోరగాళ్ళున్నరు, కమిటీవాళ్ళు. జర జల్ది రా. రెండింటికి కరెంటు పోతది" అని బాల్‌రాజ్ పెట్టేశాడు.

పట్టాభి దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో కంప్యూటర్లు బిగించి అమ్మే మనిషి. సొంతూరు తెనాలి పక్కన. తొమ్మిదేళ్ళ కిందట ఒక స్క్రూడ్రైవర్ సెట్టూ కొత్త పెళ్ళామూ తప్ప వెనకా ముందూ ఏమీ లేకుండా ఈ ఊళ్ళో దిగినప్పుడు, అడ్వాన్సు మాటెత్తకుండా షాపు పెట్టుకోడానికి మల్గీ కిరాయికిచ్చినవాడు బాల్‌రాజ్. మన్సూరాబాద్ పాత ఊరి రైతు కుటుంబం వాళ్ళది. అప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే కంచంలో తినేంత స్నేహం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గు రాక కరెంటుకీ కోతలే. బాల్‌రాజ్ ఇప్పుడు ఆ ప్రాంతపు ఉద్యమ కమిటీకి కన్వీనర్. స్నేహం మాత్రం తగ్గలేదు. తగ్గలేదనే ఇద్దరూ అనుకుంటున్నారు. పరీక్ష పెట్టి చూసుకోలేదు, అంతే.

ఆ కంప్యూటర్ కమిటీ కోసం తీసుకున్నదే. మర్నాడు హైవే మీద రాస్తారోకో. కరపత్రాలు ఇవాళ రెండింటిలోగా ప్రింటు తియ్యాలి. ఆంధ్రావాడు బిగించిన మిషన్, తెలంగాణ కమిటీ గదిలో, సరిగ్గా ముందురోజు చచ్చి కూర్చుంది. ఇందులో ఎవరికి ఏమర్థమవుతుందో ఊహించుకోడానికి పట్టాభికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేకపోయింది.

"ఒంట్లో బాగాలేదని చెప్పండి" అంది భార్య అమల.

"వెళ్ళకపోతే కావాలనే రాలేదంటారు."

"వెళ్ళాక కూడా అది బాగవకపోతే?"

అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా స్కూటర్ మీద హెల్మెట్ లోపల, "ఏంది సంగతి, ఎట్లున్నరు, ఏమైందన్నా" అని నోటికి సాధన చేసుకుంటూ పోయాడు. తొమ్మిదేళ్ళు వింటున్న మాట, తనది కాకపోయినా పరాయిదనిపించని మాట, ఆ పూట నాలుక మీద రాయిలా కూర్చుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సమ్మెవాళ్ళు డేరా వేసి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఓ కుర్రాడు స్కూటర్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏడికే అన్నా?"

"మన్సూరాబాద్. బాల్‌రాజన్న ఇంటికి."

"మరి తిని పో. పులిహోర ఉన్నది."

మర్యాదకే పిలిచాడు పాపం. భయపడ్డవాడి చెవికి పిలుపు కూడా ఆజ్ఞలాగే వినిపిస్తుంది. పట్టాభి హెల్మెట్ తీసి, నిలబడే నాలుగు ముద్దలు మింగాడు. నీళ్ళడిగితే యాస బయటపడుతుందని, అడక్కుండానే బండెక్కాడు.

బాల్‌రాజ్ ఇంటి ముందుగదిలో ఆరుగురు కుర్రాళ్ళున్నారు. బల్ల మీద కొత్త నల్ల డబ్బా, నుదుట గంధం, కుంకుమబొట్టు, నెత్తిన బంతిపూల దండ. అందులో వింతేం లేదు. బండి గానీ ఫ్రిజ్ గానీ బోరు మోటారు గానీ, బాల్‌రాజ్ తల్లి భారతమ్మ చేతి పూజ కాకుండా ఆ ఇంట్లో ఏదీ పనిలోకి దిగదు. పట్టాభి షాపు షట్టర్‌కి మొదటి బొట్టు పెట్టింది కూడా ఆవిడే.

అతను బటన్ నొక్కాడు. ముందు లైటు వెలిగింది. లోపల ఏదో కదలబోయింది. రెండు లెక్కపెట్టేలోగా అంతా చచ్చిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"మొన్న సాయంత్రం నుంచి నిన్న మధ్యాహ్నం దాకా నా బల్ల మీద ఆపకుండా నడిచింది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"నీ బల్ల మీద నడుస్తది, మా బల్ల మీద నడవది. గిదేం కత?" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న శ్రీశైలం. చదువాపి ఉద్యమంలోకి దిగిన కుర్రాడు. వాడి క్లాసుమేటు ఒకడు తెలంగాణ కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడని పట్టాభికి తెలుసు. అందుకే ఆ కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు.

పక్కతలుపు విప్పి పని మొదలుపెట్టాడు. ముందు కరెంటు అందించే పెట్టెను విడదీసి, దాని పచ్చ వైరునీ నల్ల వైరునీ జెమ్‌క్లిప్‌తో కలిపి చూశాడు. దాని ఫ్యాను శుభ్రంగా తిరిగింది. అంటే దాని దోషం కాదు. మెమరీ ముక్కను ఊడదీసి, దాని బంగారు అంచుని పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది, ఊదాడు. పెట్టాడు, నొక్కాడు, చచ్చింది. రెండో గాడిలో పెట్టాడు, చచ్చింది. బటన్ పాడైందేమోనని దాని తీగలు పీకేసి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులూ కలిపాడు. చచ్చింది. షాపులో అయితే ఈపాటికి ఈలవేసుకుంటూ లోపం పట్టేసేవాడు. ఇక్కడ కళ్ళు మిషన్ మీద, ప్రాణమంతా వీపు వెనక ఉన్నాయి.

"టైం ఒకటిన్నరైతుంది" అన్నారెవరో.

"ఆయన పని ఆయన్ని చెయ్యనియ్యిండ్రి" అన్నాడు బాల్‌రాజ్. మాట మామూలుగానే ఉంది గానీ, ‘అన్న’ అనకుండా ‘ఆయన’ అన్నాడని పట్టాభి గమనించాడు. అరచేతులకి చెమట పట్టింది. వేళ్ళ మధ్యనుంచి ఒక స్క్రూ జారి బోర్డు మీద ఎక్కడో పడింది. వెనక ఎవరో నవ్వారు.

స్క్రూ లోపల ఉండగా కరెంటు పెడితే బోర్డంతా కాలుతుంది. టార్చి వేసి, తల దాదాపు డబ్బాలోకి దూర్చి వెతికాడు. స్క్రూ ఓ మూల దొరికింది. తీసుకుని తల వెనక్కి లాగబోతుంటే, ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కకీ అంచుకీ మధ్య ఏదో పచ్చగా మెరిసింది. రెండు బియ్యపు గింజలు. పసుపు, నూనె తడికి అతుక్కుని, రెక్కని గట్టిగా పట్టేశాయి. డబ్బా నెత్తిన గాలి కోసం పెట్టిన జాలీలోంచి రాలిన అక్షింతలు.

ఇంతసేపూ కరెంటు ఆగినందుకు ఫ్యాను ఆగిందనుకున్నాడు. ఫ్యాను ఆగినందుకే కరెంటు ఆగుతోంది. అది తిరక్కపోతే లోపల కాలిపోతుందని బోర్డే తనంతట తాను మిషన్‌ని ఆపేస్తోంది. పట్టకారుతో గింజలు లాగి గుప్పిట్లో వేసుకున్నాడు. బటన్ నొక్కాడు. ఫ్యాను జుయ్యిమంది, చిన్న కూత వినిపించింది, తెర వెలిగింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. పట్టాభికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఏముండె అన్నా లోపల?" అన్నాడు బాల్‌రాజ్ నవ్వుతూ.

వచ్చిన ప్రాణం మళ్ళీ జారిపోయింది. మీ అమ్మ పూజ వల్ల పాడైందని ఈ గదిలో, ఈ నెలలో, తన యాసతో చెప్పాలి. చెబితే వీళ్ళు నమ్ముతారా, లేక చేసిందంతా చేసి తప్పు పెద్దావిడ మీదకి నెట్టాడంటారా. అసలు భయం అది కూడా కాదు. వీళ్ళు మీదకొస్తే బాల్‌రాజ్ ఎటు నిలబడతాడన్నది తేలిపోతుంది. తొమ్మిదేళ్ళుగా తేలకుండా హాయిగా ఉన్న సంగతి. దాన్ని తేల్చుకునే ధైర్యం పట్టాభికి లేదు.

"నాదే పొరపాటు. ఫ్యాను సరిగ్గా బిగించలేదు" అన్నాడు.

శ్రీశైలం కిటికీ దగ్గర్నుంచి లేచాడు. "నిన్న మధ్యాహ్నం దాకా ఆపకుండ నడిచిందంటివి. సరిగ్గ బిగియ్యకుండనే నడిచిందా?"

పట్టాభి గింజలున్న గుప్పిట ఇంకా బిగించాడు.

"అంటే మాకిచ్చేముంగట నువ్వే వదులు జేసినవ్. రేపు రోడ్డు మీద జనం ఉండొద్దనే గద?" శ్రీశైలం పక్కవాడికి చెప్పాడు. "తలుపు దగ్గరికెయ్ రా."

గదిలో అందరూ బాల్‌రాజ్ వైపు చూశారు. పట్టాభి కూడా చూశాడు. బాల్‌రాజ్ జేబులోంచి ఫోన్ తీసి, మోగని ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. శ్రీశైలంతో ‘తమ్మీ, కూసో’ అంటే చాలు. శ్రీశైలం చెయ్యి వచ్చి కాలర్ మీద పడింది. అమలకి ఫోన్ చేసి తలుపేసుకోమని చెప్పాలనిపించింది పట్టాభికి.

తలుపు మూయబోయిన కుర్రాడు ఆగిపోయాడు. గడపలో చాయ్ పళ్ళెం పట్టుకుని భారతమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలీదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, శ్రీశైలం చేతిని కాలర్ మీంచి తీసేసింది.

"గుప్పిట ఇప్పు బిడ్డా" అంది పట్టాభితో.

"ఏం లేదమ్మా."

"నువ్వు తీస్తుంటె నేను జూసిన. ఇప్పు."

అతను విప్పలేదు. ఆవిడే ఒక్కో వేలూ విప్పింది. చెమటకి పసుపంతా అరచేతికి అంటుకుని ఉంది, మధ్యలో రెండు గింజలు. ఆవిడ వాటిని చూసి, డబ్బా నెత్తి మీది దండ పక్కకు జరిపి జాలీ చూసింది. అందులోనూ పసుపే.

"గివి నేనేసిన అచ్చింతలు. నిన్న సందేల చల్లిన. పైన బొక్కలున్నయని చూస్కోలే" అంది. "తప్పు నాది. ఇగ నన్నేం జేస్తరో చెయ్యుండ్రి."

శ్రీశైలం ముఖం నల్లబడింది. "మాకేమెర్క పెద్దమ్మా" అని గొణిగి, పట్టాభి కాలర్ తనే సర్దబోయి, మధ్యలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భారతమ్మ కొడుకు వైపు తిరిగింది.

"వాడు పిలగాడు, వాని బాధ వానిది. నువ్వేమైనవ్ రా? నోట్ల నాలుక లేదా?"

బాల్‌రాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎవరో ప్రింటర్ తీగ తగిలించారు. కరపత్రాలు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. పట్టాభి చాయ్ తాగాడు, తాగకపోతే ఆవిడ ఊరుకోదు కనక. సామాను సంచిలో వేసుకునేసరికి కరెంటు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బాల్‌రాజ్ తన మోటారుసైకిల్ మీద ముందు పోయాడు. చౌరస్తాలో అందరూ అతనికి చేతులూపి దారిచ్చారు, వెనకున్న స్కూటర్‌ని ఎవరూ ఆపలేదు. గల్లీ మొదట్లో ఆగిపోలేదు, పట్టాభి ఇంటి గేటు దాకా వచ్చాడు. దిగి, గేటు గడియ తనే తీశాడు.

"నేను మాట్లాడేటోన్నే అన్నా. అంతల అమ్మ వచ్చింది" అన్నాడు.

"తెలుసు బాల్‌రాజ్" అన్నాడు పట్టాభి. బాల్‌రాజ్ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అమల గుమ్మంలోనే ఉంది. మోటారుసైకిల్ మలుపు తిరిగే దాకా చూసింది.

"బాల్‌రాజే వచ్చి దింపాడుగా. ఇంక మనకి భయమేముంది" అంది.

పట్టాభి లోపలికి వచ్చి తలుపు వేశాడు. కింది గడియ పెట్టాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఎక్కి, ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ ఎన్నడూ వెయ్యని పై గడియ కూడా, తుప్పుపట్టి కదలనంటున్నా, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి కొట్టి బిగించాడు.